నాన్న టాలీ పుస్తకం

మా నాన్న టాలీ క్లర్కు. విశాఖపట్నం పోర్టులో ఓడలకి సరుకు ఎక్కించి దించే ఒక స్టీవెడోర్ కంపెనీకి ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. ఓడలోంచి బస్తాలు దిగుతుంటే గట్టున నిలబడి లెక్క రాసుకోవాలి. నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ ఒక ఏటవాలు గీత. అది ఐదు. అలాంటి ఐదులు పేజీ నిండా, పుస్తకం నిండా. షిఫ్టు దిగేముందు వాటన్నిటినీ కూడి, ఓడవాళ్ళ లెక్కతో సరిచూసి, సంతకం పెట్టించుకుని వచ్చేవారు. ఆయన చొక్కా జేబు మీద ఎప్పుడూ కాపీయింగ్ పెన్సిల్ ఊదారంగు మరక ఉండేది. అమ్మ ఎంత రుద్దినా పోయేది కాదు.

అప్పట్లో మేం జ్ఞానాపురంలో అద్దెకుండేవాళ్ళం. రెండు గదుల పెంకుటిల్లు, వీధివైపు అరుగు. పాలు పోసే ఆవిడ పొద్దున్నే వచ్చి చెంబులో పాలు పోసి, అరుగు పక్క గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసి వెళ్ళేది. ఎక్కువ పోసిన రోజు పొడుగు గీత, తక్కువ పోసిన రోజు పొట్టి గీత. నెలాఖరుకి అమ్మా ఆవిడా గోడ ముందు నిలబడి, ఒక్కో గీత మీదా వేలు పెట్టి లెక్కపెట్టుకునేవారు. ఒకసారి నాన్న అది చూసి, "నాదీ ఇదే ఉద్యోగం. నాకు గోడకి బదులు పుస్తకం ఇచ్చారు" అన్నారు.

ఆ మాట ఎంత నిజమో ఆయనకే తర్వాత తెలిసింది. టాలీ అనే మాట లాటిన్ భాషలో కర్రముక్క అనే అర్థమున్న 'తాలెయా' నుంచి వచ్చింది. కాగితం అందరికీ అందని కాలంలో ఇంగ్లండులో అప్పుల లెక్క కర్ర మీద గాట్లు పెట్టి రాసుకునేవారు. తర్వాత ఆ కర్రని నిలువునా చీల్చి, అప్పిచ్చినవాడొక ముక్క, తీసుకున్నవాడొక ముక్క దాచుకునేవారు. లెక్క తేల్చుకునే రోజున రెండూ పక్కపక్కన పెడితే గాటుకి గాటు కలవాలి. కలిస్తే లెక్క సరిపోయినట్టు. అక్కడి సర్కారు ఖజానాలో కూడా వందల ఏళ్ళు ఇదే పద్ధతి నడిచింది. చివరికి పాత కర్రలు గుట్టలుగా పేరుకుపోతే, 1834 అక్టోబరులో వాటిని పార్లమెంటు భవనం కింద కొలిముల్లో వేసి తగలబెట్టారు. మంట అదుపు తప్పి ఆ భవనమే చాలా భాగం కాలిపోయింది. నాన్న ఈ కథ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర్లో, "మన గోడ నయం, సున్నం కొడితే పోతుంది" అనేవారు.

నాన్న ఇలా మాటల వెంట పడటానికి కారణం ఒక అవమానం.

నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. ఏదో విదేశీ ఓడలో తడిసిన బస్తాల గురించి తగాదా వచ్చిందట. నాన్న రిపోర్టు రాయాల్సి వచ్చింది. ఆయన చదివింది ఎస్సెస్సెల్సీ, అదీ తెలుగు మీడియంలో. సరుకు ఫలానా నంబరు గోడౌన్‌లో పెట్టాం అని రాసేటప్పుడు, గోడౌన్ అనే మాటని రెండుగా విడగొట్టి రాశారు. గో వేరు, డౌన్ వేరు. ఓడ ఆఫీసరు ఆ కాగితాన్ని పదిమంది ముందు పైకి చదివి, "మమ్మల్ని ఎక్కడికి దిగమంటావ్, సముద్రంలోకా?" అని నవ్వాడట. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారట. ఇదంతా నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం నాన్న అన్నం తినకుండా అరుగు మీద కూర్చోవడం, అమ్మ రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి పిలవలేక వెనక్కి రావడం బాగా గుర్తుంది.

వారం తిరక్కుండా పూర్ణా మార్కెట్ దగ్గర పాత పుస్తకాలవాడి దగ్గర్నుంచి అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కొనుక్కొచ్చారు. అందులో ప్రతి మాటకీ చివర చిన్న అక్షరాల్లో ఆ మాట ఏ భాషలోంచి వచ్చిందో రాసుంది. నాన్న వెతికింది స్పెల్లింగులు. ఆయన్ని పట్టుకుంది మాత్రం ఆ చిన్న అక్షరాలు. సగం వాడిన టాలీ పుస్తకం ఒకటి తీసుకుని, వెనక పేజీల్లో స్కేలు పెట్టి మూడు గడులు గీశారు. మాట, అర్థం, పుట్టుక. మొదటి వరుసలో ఊదారంగు అక్షరాలతో రాసుకున్నారు: 'గోడౌన్. ఒకే మాట. సరుకు దాచే చోటు. మలయ్ భాష, గుడాంగ్.'

ఆ తర్వాత రోజుకొక మాట. అన్నాలయ్యాక లాంతరు పక్కన పెట్టుకుని (కరెంటు తరచూ పోయేది) ఆయన రాస్తుంటే నేను మోకాళ్ళ మీద వంగి చూసేదాన్ని. ముందు తన ఉద్యోగంలోని మాటలే వెతుక్కున్నారు. స్టీవెడోర్ స్పానిష్ వాళ్ళది, సరుకు కుదించి సర్దేవాడని అర్థం. క్లర్కు అంటే మొదట్లో చర్చిలో పనిచేసేవాడట. ఆ కాలంలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు వాళ్ళే కాబట్టి, రాతకోతలు చేసే ప్రతివాడికీ ఆ పేరు వచ్చింది. స్టార్‌బోర్డ్ అంటే ఓడకి కుడిపక్క. చుక్కాని వెనక మధ్యలోకి రాకముందు, కుడిపక్కన వేలాడే పెద్ద తెడ్డుతో ఓడని తిప్పేవారట. తిప్పే పక్క కాబట్టి స్టీర్ బోర్డు, అదే స్టార్‌బోర్డ్ అయింది. తెడ్డు అటుంది కాబట్టి రెండో పక్కనే రేవు గట్టుకి ఆనించేవారు. అందుకే ఎడమపక్క పేరు పోర్ట్. ఇది చదివిన రోజు నాన్న నన్ను బీచ్‌కి తీసుకెళ్ళి, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు నుంచి రేవులోకి వస్తున్న ఓడని చూపించి ఏ పక్కేదో చెప్పమన్నారు. నేను తప్పు చెప్పాను. ఓడ మనవైపు వస్తున్నప్పుడు దాని కుడి మనకి ఎడమవుతుందని ఇసుకలో గీసి చూపించారు.

ఇంకో ఓడలో మంచి ఆఫీసరొకాయన నాన్నతో స్నేహంగా మాట్లాడేవాడట. ఆయన పోష్ అనే మాట గురించి చెప్పాడు. వెనకటికి ఇంగ్లండు నుంచి ఇండియాకి వచ్చే ఓడల్లో డబ్బున్నవాళ్ళు ఎండ తగలకుండా వచ్చేటప్పుడు ఎడమపక్క గదులు, వెళ్ళేటప్పుడు కుడిపక్క గదులు తీసుకునేవారనీ, పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్ అనే మాటల్లో మొదటి అక్షరాలు కలిపితే పోష్ అయిందనీ. నాన్నకి అది ఎంత నచ్చిందంటే పండక్కి వచ్చిన చుట్టాలందరికీ చెప్పారు. కొన్నేళ్ళ తర్వాత నేను లైబ్రరీలో చూస్తే దానికి ఎలాంటి ఆధారమూ లేదని, ఏ ఓడ టిక్కెట్టు మీదా ఆ అక్షరాలు దొరకలేదని ఉంది. ఆయనకి చెప్పడానికి మనసొప్పలేదు. అయినా చెప్పాను. మారుమాట్లాడకుండా పుస్తకం తీసి, ఆ వరుస మీద గీత కొట్టి, పక్కన 'ఆధారం లేదు' అని రాసి తేదీ వేశారు. లెక్క తప్పితే సరిదిద్దుకోవడం ఆయనకి ఉద్యోగం నేర్పిన అలవాటు.

నాకు మాటల పిచ్చి నాన్న నుంచి సగం వచ్చింది, మిగతా సగం వన్ టౌన్‌లో నేను చదివిన బళ్ళో ఇంగ్లీషు మాస్టారి నుంచి. ఏడో తరగతిలో ఒక మధ్యాహ్నం ఆయన బోర్డు మీద ప్యూపిల్ అని రాశారు. విద్యార్థి అని ఒక అర్థం. కంటిపాప అని ఇంకో అర్థం. ఒకే మాటకి పొంతన లేని రెండర్థాలేమిటని మేం అడగలేదు, ఆయనే అడిగారు. ఎవరమూ చెప్పలేదు. నన్ను లేపి, పక్కనున్న అమ్మాయి కళ్ళలోకి దగ్గరగా చూడమన్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. "నవ్వకుండా చూడమ్మా. ఏం కనిపిస్తోంది?" అన్నారు. కిటికీలోంచి పడే వెలుతురులో, ఆ అమ్మాయి కంటి నల్లగుడ్డులో రెండు జడలతో ఒక చిన్న బొమ్మ. నేనే. "నేను కనిపిస్తున్నాను మాస్టారూ" అన్నాను.

"ఎంత ఉన్నావు?"

"చిన్న పాపలా ఉన్నాను."

"అదే మరి. అందుకే దాన్ని కంటిపాప అన్నారు."

లాటిన్ భాషలో పూపిల్లా అంటే చిన్న బొమ్మ, చిన్న పిల్ల. ఎదుటివాళ్ళ కంట్లో మన రూపం బొమ్మంత కనిపిస్తుంది కాబట్టి రోమన్లు కంటి నడిమి నలుపుకి ఆ పేరే పెట్టారు. పెద్దల రక్షణలో పెరిగే పిల్లల్ని పిలిచే మాటా ఆ కుదుట్లోదే, అది పోను పోను విద్యార్థి అయింది. సంస్కృతంలో కనీనిక అన్నా ఇటు చిన్నపిల్లే, అటు కంటిపాపే. ఎక్కడి రోము, ఎక్కడి తెలుగు నేల! ఎవరి దగ్గర ఎవరూ నేర్చుకోకుండానే ఎవరి కళ్ళలోకి వాళ్ళు చూసుకుని అదే పేరు పెట్టుకున్నారు. ఆ రోజు బడి నుంచి ఇంటికి పరుగెత్తుకెళ్ళి నాన్నకి చెబితే, అమ్మని దీపం దగ్గరికి పిలిచి ఆమె కళ్ళలోకి చూశారు. అమ్మ సిగ్గుపడి "ఏటండీ ఇది, పిల్ల ముందు" అని లోపలికెళ్ళిపోయింది.

అమ్మకి ఇంగ్లీషు రాదు. మా ఇద్దరి గొడవా దూరం నుంచి వినేది. ఆమె ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. ఒక సాయంత్రం కాజాలు కుడుతూ, "నేను అనే మాటలకి పుట్టుకలుండవా? అన్నీ దొరల మాటలకేనా?" అంది. నాన్న నిజంగానే ఆలోచనలో పడ్డారు. కాజాకి జవాబు మాస్టారే చెప్పారు. అది పోర్చుగీసు వాళ్ళ 'కాజ', అంటే ఇల్లు. వాళ్ళ భాషలో బొత్తాం దూరే రంధ్రం బొత్తానికి ఇల్లు. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాక, ఆ వెనకే వచ్చినవాళ్ళు తెచ్చిన సామాను పేర్లు మన ఇళ్ళలో స్థిరపడిపోయాయి. అల్మరా, బాల్చీ, తువ్వాలు, ఇస్త్రీ, పీపా, గోడ కట్టే మేస్త్రి, ఆఖరికి అనాసపండు కూడా. ఆ అనాస పేరైతే వాళ్ళది కూడా కాదు, బ్రెజిల్ అడవుల్లో మనుషుల దగ్గర నేర్చుకుని మోసుకొచ్చినది. అమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. సూది పైకి లాగి, దారం కొరికి, "బొత్తానికి ఇల్లుంది. మనకే ఇంకా అద్దె" అంది. నాన్న ఆ నెల నుంచే పోస్టాఫీసులో విడిగా ఒక ఖాతా తెరిచి డబ్బు వెయ్యడం మొదలుపెట్టారు.

1986లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మేలో చేరాను. వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో పెద్ద పెద్ద సంపుటాల నిఘంటువు ఉండేది. ఒక్కో సంపుటం రెండు చేతులతో ఎత్తితే గానీ రాదు. మొదటిసారి దాన్ని ముట్టుకున్నప్పుడు, ఎందుకో, నేను వెతికిన మాట గోడౌన్. నాన్న రాసుకున్నట్టే మలయ్ గుడాంగ్ నుంచి వచ్చిందని ఉంది. అయితే అక్కడితో ఆగలేదు. ఆ మలయ్ మాటకి మూలంగా రెండు మాటలు చూపించారు. తమిళ కిడంగు, తెలుగు గిడ్డంగి.

గిడ్డంగి. మా వీధి చివర ధాన్యం గిడ్డంగి ఉండేది. రోజూ దాని ముందు నుంచే కాలేజీకి వెళ్ళేదాన్ని.

ఆ సాయంత్రం నాన్న షిఫ్టు దిగి వచ్చి నూతిపళ్ళెంలో కాళ్ళు కడుక్కుంటున్నారు. చెప్పు విప్పకుండానే చెప్పాను. "నాన్నా, గోడౌన్ మనదే."

"మనదే అంటే?"

"గిడ్డంగి. మన గిడ్డంగే మలయా వెళ్ళి గుడాంగ్ అయిందట. దాన్నే ఇంగ్లీషువాళ్ళు గోడౌన్ చేశారు."

చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. ఇంకోసారి చెప్పమన్నారు. లోపలికొచ్చి టాలీ పుస్తకం మొదటి పేజీ తీసి, మలయ్ అన్నదాని పక్కన బాణం గుర్తు వేసి, 'తెలుగు, గిడ్డంగి. తమిళం, కిడంగు' అని రాశారు. చాలాసేపు ఆ పేజీ వంకే చూశారు. పన్నెండేళ్ళ కిందటి ఆ ఓడ ఆఫీసరు గురించి నాకు ఆ రాత్రే మొదటిసారి చెప్పారు. చెప్పి, "మన మాటే ఓడెక్కి వెళ్ళి, వేషం మార్చుకుని తిరిగొచ్చింది తల్లీ. నేను గుర్తుపట్టలేకపోయాను" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. తప్పిపోయిన చుట్టాన్ని చాలా ఏళ్ళకి చూసినవాడిలా ఉన్నారు.

ఈ తీరం నుంచి వర్తకులు మలయా, జావా, సుమత్రా రేవులకి సరుకులు మోసిన సంగతి చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నదే. సరుకు వెళ్ళిన చోటికి దాన్ని దాచే కొట్టు పేరు కూడా వెళ్ళింది. 16వ శతాబ్దం చివరికే గోడౌన్ ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. అంటే ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ రాజ్యం చెయ్యడానికి చాలా ముందే మన గిడ్డంగి వాళ్ళ నోట్లో పడింది.

ఆ తర్వాతి ఆదివారం నాన్న నన్ను మొదటిసారి తాను పనిచేసే గోడౌన్‌కి తీసుకెళ్ళారు. రేకుల కప్పు, సగం చీకటి, ఎరువుల ఘాటు, తడి గోనెల వాసన. నేను లైబ్రరీలో రాసుకొచ్చిన కాగితం చేతిలో పెట్టుకుని ఒక్కొక్కటీ చూపిస్తున్నాను. దొంతరగా పేర్చిన బస్తాలు గన్నీ బ్యాగులు. గన్నీ మన గోనే, సంస్కృతంలో గోణి, హిందీ మరాఠీల దారిన ఇంగ్లీషుకి చేరింది. స్తంభానికి చుట్టి పెట్టిన కొబ్బరిపీచు తాడు కాయిర్. అది మలయాళంలో తాడుకి పేరైన కయర్. గోడ మూల నేల తవ్వి మట్టి ఎగదోసి ఉంది. నాన్న చెప్పుతో ఆ కన్నం చూపించి, "ఇదీ నీ కాగితంలో ఉందా?" అని అడిగారు.

ఉంది. ఇంగ్లీషులో బ్యాండికూట్ అంటే మన పందికొక్కే. తెలుగు నుంచి నేరుగా వెళ్ళిన మాట, నిఘంటువులో సందేహం లేకుండా రాసుంది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో అడుగుపెట్టిన తెల్లవాళ్ళకి పొడుగు ముక్కుతో నేల తవ్వే ఒక జంతువు కనిపించింది. మన పందికొక్కుకీ దానికీ చుట్టరికం లేదు, అది కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెట్టుకు పెంచే జాతి. అయినా చూడ్డానికి అలా ఉందని ఆ పేరే తగిలించారు. అక్కడ విశ్రాంతిగా కూర్చున్న కళాసీలు ఇది విని పగలబడి నవ్వారు. "మన పందికొక్కు ఆస్ట్రేలియా ఎల్లిందేటి గుమస్తాగోరూ!" అని ఒక ముసలి కళాసీ లేచి, ఆ కన్నం దగ్గరికెళ్ళి తొంగిచూశాడు.

మధ్యాహ్నం నాన్న క్యారియర్ విప్పారు. కళాసీలు తమ గిన్నెలు తెచ్చుకున్నారు. ఎవరి కూర ఎవరి ముద్దలోకి వెళ్ళిందో తెలియకుండా అందరూ తిన్నారు. కంపానియన్ అనే మాట లాటిన్‌లో రొట్టెని కలిసి తినేవాడని చెప్పాను. నాన్న వెంటనే "పొత్తు" అన్నారు. మనకీ పొత్తు అంటే స్నేహం, కూటమి. పొత్తున కుడవడం అంటే కలిసి ఒకచోట తినడం. కంచం పొత్తు అని ఇప్పటికీ అంటాం. ఇంటికొచ్చేటప్పుడు లస్కర్ సంగతి కూడా వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు తమ ఓడల్లో పనిచేసే మనవాళ్ళని లస్కర్లు అనేవారు. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. మా తాతగారి ఊళ్ళో కాలవ గట్టు కాసే ఉద్యోగి కూడా లస్కరే. సైన్యం పేరు ఒకరికి సముద్రం మీద, ఒకరికి చేనుగట్టు మీద దక్కింది. నాన్న ఆ రోజంతా ఉత్సాహంగా ఉన్నారు. నాకు గుర్తున్నంతలో, ఆ తర్వాత ఆయన ఇంగ్లీషులో రిపోర్టు రాయడానికి ఎప్పుడూ టెన్షన్ పడలేదు. స్పెల్లింగు తప్పులు మాత్రం అలాగే వచ్చేవి.

పోస్టాఫీసు డబ్బులూ, రిటైరైనప్పుడు వచ్చినవీ కలిపి మర్రిపాలెంలో చిన్న ఫ్లాటు కొన్నారు. గృహప్రవేశం రోజున అమ్మ తాళంచెవి పుచ్చుకుని, "బొత్తాం ఇంట్లోకొచ్చింది" అంది. అక్కడున్న వాళ్ళలో మా ఇద్దరికే అర్థమైంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజు. వైజాగ్‌లో ఉన్నవాళ్ళెవరికీ ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. పొద్దున్నుంచీ గాలి అరుపు. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగం అని తర్వాత పేపర్లో చదివాం. మా పడకగది కిటికీ రెక్క గొళ్ళెం ఊడి, గోడకేసి కొట్టుకుని అద్దాలు పగిలాయి. నాన్నకి అప్పుడు 74 ఏళ్ళు. నేనూ ఆయనా కలిసి మంచం లేపి కిటికీకి అడ్డంగా నిలబెట్టి, వీపులు ఆనించి కూర్చున్నాం. మంచం పట్టెల సందుల్లోంచి వాన నీళ్ళు మా మెడల మీద కారుతున్నాయి. అమ్మ దేవుడి గదిలో ఉంది. అంత హోరులో నాన్న నా చెవి దగ్గరికొచ్చి అరిచారు. "విండో అంటే ఏమిటో తెలుసా?"

ఆ మాట నాకు తెలుసు, పుస్తకంలో ఉంది. ఇంగ్లండు మీదికి దండెత్తి వచ్చి స్థిరపడ్డ ఉత్తరాది నావికుల భాషలోది. విండ్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గాలి కన్ను. అద్దాలు లేని రోజుల్లో ఇంటికి పెట్టిన కన్నం కాబట్టి ఆ పేరు. మన గవాక్షం కూడా కన్నే, ఆవు కన్ను. "ఇవాళ నిజంగానే గాలి కన్ను తెరిచింది" అని నాన్న అరుస్తుంటే ఆయన గొంతు సగం గాలికి కొట్టుకుపోయింది. భయం పోవడానికి అలా మాట్లాడించారని నాకు తర్వాత అర్థమైంది.

కరెంటు లేని ఆ రోజుల్లో, కొవ్వొత్తి వెలుతురులో మళ్ళీ పుస్తకం తీశారు. సైక్లోన్ అనే మాటని తయారుచేసింది కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషాయన. బంగాళాఖాతంలో ఓడల్ని ముంచే గాలులు గుండ్రంగా తిరుగుతాయని గమనించి, గ్రీకు మాటని ఆధారం చేసుకుని 1848లో ఆ పేరు పెట్టాడు. పాము చుట్టల్లా చుట్టుకున్న గాలి అని ఆయన భావం. 1789లో మన గోదావరి పాయ ఒడ్డునున్న కోరంగి రేవుని ముంచేసిన ఉప్పెన గురించి కూడా ఆయన రాశాడు. ప్రపంచమంతా వాడే సైక్లోన్ మన సముద్రం దెబ్బలు చూసి పుట్టిన మాట. తుపాను అరబ్బుల తూఫాన్, ఇంగ్లీషు టైఫూన్‌కి దగ్గర చుట్టం. డిజాస్టర్ అంటే చెడ్డ నక్షత్రం, అమ్మ అనే గ్రహచారమే. హుద్‌హుద్ అనే పేరు ఒమన్ దేశం ఇచ్చింది, అరబ్బీలో కూకుడుగువ్వ. తల మీద కుచ్చుతో పచ్చికలో పురుగులు ఏరుకునే ఆ చిన్న పిట్ట పేరు ఈ ఊరి చెట్లన్నీ కూల్చిన గాలికి పెట్టారు. నాన్నకి అది మాత్రం నచ్చలేదు. "పిట్టకి అన్యాయం చేశారు" అన్నారు.

రెండేళ్ళకి శుక్లాల ఆపరేషనైంది. నెల రోజులు పూటపూటకీ చుక్కల మందు నేనే వేశాను. పై రెప్ప పట్టుకుని వంగినప్పుడల్లా, ఆ నల్లటి పాపలో చిన్నగా నేను. జడలు లేవు, కళ్ళజోడు ఉంది. నాన్న కదలకుండా, "ఏం కనిపిస్తోంది?" అని అడిగేవారు. మా మాస్టారి ప్రశ్న ఆయన మర్చిపోలేదు.

చూపు బాగయ్యాక ఆయన పద్ధతి మారింది. పొద్దున్నే బస్సెక్కి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళేవారు. టాలీ పుస్తకంలో చివరి పేజీలన్నీ అప్పటివే. మొదటి గడిలో ఇంగ్లీషు మాటలుండవు. వలలు బాగుచేసుకునే వాళ్ళ పక్కన కూర్చుని విన్న మాటలు. తెప్ప అనే వరుసలో మాట కంటే బొమ్మే ఎక్కువ చోటు ఆక్రమించింది. దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో ఎలా కడతారో, ముందు భాగం ఎలా పైకి లేస్తుందో పెన్సిల్‌తో గీశారు. కింద, 'ఇంగ్లీషులో కాటమరాన్. తమిళం కట్టుమరం, కట్టిన మాను. ఇప్పుడు ఫైబర్ బోట్లు వచ్చాయి. తెప్ప కట్టడం వచ్చినవాళ్ళు ఇక్కడ ఇద్దరే ఉన్నారన్నారు' అని రాశారు. ఆ ఇద్దరినీ కలిసి దుంగల్లో ఒక్కోదానికీ పేరు అడిగి రాయాలని అనుకున్నారు. 2019 వేసవిలో నాన్న పోయారు. ఆ బొమ్మలో దుంగల పక్కన గీసిన చిన్న గీతలు పేర్ల కోసం ఖాళీగా ఉన్నాయి.

మొన్న ఆదివారం చేపలకని హార్బర్‌కి వెళ్ళాను. చందువ బేరమాడుతుంటే, చేపలమ్మే ఆవిడ వెనక్కి తిరిగి ఒక బోటు వైపు చూస్తూ, "మా సరంగు ఇంకా దిగనేదమ్మా, ఆడొస్తేగాని రేటు సెప్పను" అంది. ఎవరమ్మా సరంగంటే అని అడిగాను. మరబోటు మీద పెద్ద, ఆయన మాటే మాట అంది. ఆయన దిగేదాకా ఆగి, చేపలు తీసుకుని ఇంటికొచ్చి, వాటిని కడగకుండా ముందు పుస్తకం తీశాను. కాపీయింగ్ పెన్సిళ్ళు ఇప్పుడు దొరకడం లేదు. మామూలు బాల్ పెన్నుతోనే నాన్న చివరి వరుస కింద రాశాను: 'సరంగు. మరబోటు నడిపించే పెద్ద. పారశీకం, సర్‌హంగ్, అంటే దళపతి. ఇంగ్లీషులో సెరాంగ్.'